పుస్తకాలు తగలబెట్టినా మిగిలిన ప్రశ్న: విల్‌హెల్మ్ రైక్ కథ

ఈ ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేద్దాం. ఫోన్ చేతిలో అలాగే ఉంచుకోండి. మీ దవడ ఎలా ఉందో ఒకసారి గమనించండి. పళ్ళు బిగుసుకుని ఉన్నాయా? భుజాలు పైకి లేచి ఉన్నాయా? ఊపిరి పొట్ట దాకా వెళ్తోందా, లేక ఛాతీ దగ్గరే ఆగిపోతోందా?

చాలామంది ఇప్పుడే భుజాలు కిందికి దించి ఉంటారు. అవి ఎప్పుడు లేచాయో కూడా మనకి తెలీదు.

నిజానికి మన భాషకి ఈ సంగతి ఎప్పట్నుంచో తెలుసు. కోపాన్ని ఆపుకుంటే "పళ్ళు బిగబట్టాను" అంటాం. భయపడితే "ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నా" అంటాం. బాధ ఎక్కువైతే కడుపు తరుక్కుపోతుంది, గుండె బరువెక్కుతుంది. చెప్పుకోలేని మాట గొంతులో అడ్డం పడుతుంది. మనసు గురించి మాట్లాడుతున్నాం అనుకుంటాం గానీ, మనం చెప్పేదంతా ఒంటి గురించే.

కానీ ఫ్రాయిడ్ వియన్నాలో సైకో అనాలిసిస్ మొదలుపెట్టినప్పుడు పద్ధతి వేరు. పేషెంట్ సోఫా మీద పడుకుని మాట్లాడాలి. డాక్టరు వెనకాల కూర్చుని వినాలి. మాటే మందు. ఒంటి సంగతి పక్కకి వెళ్ళిపోయింది. ఆ గదికి ఫీజు కట్టగలిగినవాళ్ళే వచ్చేవాళ్ళు కాబట్టి, వీధి సంగతి కూడా గది బయటే ఉండిపోయింది.

ఈ రెండింటినీ, అంటే ఒంటినీ వీధినీ, థెరపీ గదిలోకి తీసుకురావాలని పట్టుబట్టిన ఒక డాక్టరు కథ ఇవాళ చెప్తాను. ఆయన పేరు విల్‌హెల్మ్ రైక్. ముందే చెప్తున్నా, ఇది హీరో కథ కాదు. ఆయన కొన్ని విషయాల్లో తన కాలం కంటే ముందున్నాడు, కొన్ని విషయాల్లో ఘోరంగా తప్పాడు. ఆయన పుస్తకాల్ని హిట్లర్ జర్మనీ నిషేధించింది. తర్వాత అమెరికా ప్రభుత్వం ఏకంగా తగలబెట్టింది. ఒకే మనిషి మీద ఇంత కోపం ఎందుకొచ్చింది? ఆయన ఎక్కడ దారి తప్పాడు? మనకి పనికొచ్చేది ఏం మిగిల్చాడు? ఇవీ ఇవాళ్టి ప్రశ్నలు.

ఒక పిల్లాడు చెప్పిన మాట

రైక్ 1897 మార్చి 24న పుట్టాడు. అప్పట్లో అది ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం, ఇప్పుడు ఆ ప్రాంతం ఉక్రెయిన్‌లో ఉంది. నాన్నకి పెద్ద పొలం, పశువులు ఉండేవి. ఆయన చాలా కోపిష్టి. ఇంట్లో ఆయన మాటే చట్టం.

రైక్ చిన్నప్పుడు ఇంటికి పాఠాలు చెప్పడానికి వచ్చే మాస్టారితో వాళ్ళమ్మకి సంబంధం ఏర్పడింది. ఆ సంగతి పిల్లాడికి తెలిసింది. చివరికి పిల్లాడి ద్వారానే నాన్న దాకా వెళ్ళింది. ఆ తర్వాత ఇంట్లో జరిగిన హింస భరించలేక ఆవిడ ప్రాణం తీసుకుంది. అప్పటికి రైక్‌కి పదమూడేళ్ళ లోపో, ఆ చుట్టుపక్కలో. 1914లో నాన్న కూడా క్షయతో పోయాడు. అదే ఏడాది మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది, పొలం పోయింది. రైక్ సైన్యంలో చేరి ఇటలీ సరిహద్దులో పోరాడాడు.

డాక్టరయ్యాక రాసిన తొలి వ్యాసాల్లో ఒకదాంట్లో ఈ ఇంటి కథనే ఎవరో పేషెంట్ కథ అన్నట్టు రాశాడు. సొంత పేరు పెట్టలేదు. దాచుకున్న బాధ ఎక్కడికీ పోదు, వేరే వేషంలో బయటికొస్తుంది అని ఆయన జీవితాంతం చెప్పాడు. ఆ మాట ఆయనకి సిద్ధాంతం కంటే ముందు సొంత అనుభవం.

ఫీజు లేని క్లినిక్

1918లో యుద్ధం అయ్యాక రైక్ చేతిలో డబ్బు లేకుండా వియన్నా చేరాడు, మెడిసిన్‌లో చేరాడు. 1919లో ఫ్రాయిడ్‌ని కలిశాడు. 1920లో, ఇంకా స్టూడెంట్‌గా ఉండగానే, ఆయన్ని వియన్నా సైకో అనాలిసిస్ సంఘంలో సభ్యుడిగా తీసుకున్నారు. అప్పటికి ఆయన వయసు 23.

ఇక్కడ ఫ్రాయిడ్ గురించి చాలామందికి తెలియని విషయం ఒకటి ఉంది. 1918 సెప్టెంబర్‌లో బుడాపెస్ట్‌లో జరిగిన సభలో ఆయన ఒక ప్రసంగం చేశాడు. ఆపరేషన్ చేయించుకునే హక్కు పేదవాడికి ఎలా ఉందో, మనసుకి వైద్యం చేయించుకునే హక్కు కూడా అలాగే ఉండాలి, దానికి ఉచిత క్లినిక్‌లు రావాలి అని దాని సారాంశం. డబ్బున్న పేషెంట్ల డాక్టరుగానే మనకి తెలిసిన ఫ్రాయిడ్ అన్న మాట ఇది. దాని ప్రభావంతో 1920లో బెర్లిన్‌లో, 1922లో వియన్నాలో అలాంటి క్లినిక్‌లు వచ్చాయి.

వియన్నా క్లినిక్ పేరు ఆంబులటోరియం. ప్రత్యేకంగా కట్టిన భవనం ఏమీ లేదు. గుండె జబ్బుల ఆసుపత్రి గదుల్ని వాళ్ళ పని అయిపోయాక వీళ్ళకి ఇచ్చారు. మెత్తటి సోఫా ఎక్కడిది? డాక్టర్లు గుండె పరీక్ష చేసే బల్లే సోఫా. రైక్ అక్కడ మొదటి అసిస్టెంట్‌గా చేరి, తర్వాత డిప్యూటీ డైరెక్టర్ అయ్యాడు.

అక్కడికి ఎవరొచ్చేవాళ్ళు? ఫ్యాక్టరీ కార్మికులు, ఇళ్ళల్లో పనిచేసే అమ్మాయిలు, చిన్న గుమాస్తాలు, ఉద్యోగాలు లేనివాళ్ళు. ఫ్రాయిడ్ ఇంటికి వచ్చే పేషెంట్ల బాధ ఒక రకం. వీళ్ళ బాధ ఇంకో రకం. ఒకే గదిలో కుటుంబమంతా పడుకునే చోట పెరిగినవాళ్ళు, చిన్నప్పట్నుంచి దెబ్బలు తిన్నవాళ్ళు. వాళ్ళ మీద రైక్ 1925లో ఒక పుస్తకం కూడా రాశాడు.

అక్కడే ఆయనకి ఒక లెక్క ఎదురైంది. రోజుకి గంట చొప్పున, నెలల తరబడి ఒక్కో పేషెంట్‌ని చూస్తే, ఒక డాక్టరు ఒకే కాలంలో ఎంతమందిని చూడగలడు? మహా అయితే ఏడుగురు, ఎనిమిది మంది. బయట క్యూలో వందలమంది. మరి ఈ పద్ధతిలో ఎప్పటికి అయ్యేను? వైద్యం చేసుకుంటూ పోవడం కాదు, అసలు జబ్బు ఎందుకొస్తోందో చూడాలి కదా అన్నాడు. కలరా వచ్చిన ఊళ్ళో మందులిస్తే సరిపోదు, బావి కూడా చూడాలి. ఆయన ఆలోచన ఆ తరహాది.

1927 జులై 15

ఆ ఆలోచనని ఒక్కసారిగా ముందుకి తోసిన రోజు ఒకటుంది.

ఆ ఏడాది జనవరిలో షాటెన్‌డార్ఫ్ అనే ఊళ్ళో మితవాద గుంపు వాళ్ళు ఊరేగింపు మీద కాల్పులు జరిపారు. యుద్ధంలో వికలాంగుడైన ఒకాయన, ఒక చిన్న పిల్లాడు చనిపోయారు. జులై 14న నిందితుల్ని కోర్టు వదిలేసింది. మర్నాడు వియన్నా కార్మికులు పని ఆపేసి రోడ్ల మీదికొచ్చారు. జస్టిస్ ప్యాలెస్‌కి నిప్పంటుకుంది. పోలీసులు జనం మీద కాల్పులు మొదలుపెట్టారు. ఒక్క రోజులో 80 మందికి పైగా చనిపోయారు.

రైక్ ఆ రోజు ఆ రోడ్ల మీదే ఉన్నాడు. కాల్పులు మొదలైతే చెట్టు చాటుకి పరిగెత్తాడు. ఆయన్ని వదలకుండా వెంటాడింది చావులు మాత్రమే కాదు, పోలీసుల ముఖాలు కూడా. వరసగా నడుస్తూ, ఆర్డర్ రాగానే కాలుస్తూ, యంత్రాల్లా కదిలారు. వాళ్ళేమీ జమీందారుల పిల్లలు కాదు. వాళ్ళు కాలుస్తున్న జనం లాంటి ఇళ్ళ నుంచే వచ్చినవాళ్ళు. మనిషి ఇలా యంత్రం ఎలా అవుతాడు? ఈ విధేయత ఒంట్లోకి ఎప్పుడు, ఎలా ఎక్కుతుంది?

ఆ వేసవి తర్వాత రైక్ కమ్యూనిస్టులకి దగ్గరయ్యాడు. 1929లో మేరీ ఫ్రిషౌఫ్ అనే డాక్టరమ్మతో కలిసి వియన్నాలో పేదలకి సలహా కేంద్రాలు తెరిచాడు. ఒక వ్యాన్ కూడా తీసుకున్నారు. పిల్లల డాక్టరునీ, ఆడవాళ్ళ డాక్టరునీ ఎక్కించుకుని కార్మికవాడలకి వెళ్ళేవాళ్ళు. అబార్షన్ నేరమైన రోజులవి. గర్భం రాకుండా ఏం చెయ్యాలో చెప్పేవాళ్ళే లేరు. ఈ వ్యాన్ దగ్గర ఆ మాటలు బాహాటంగా, సిగ్గుపడకుండా మాట్లాడేవాళ్ళు.

అక్కడ రైక్ గ్రహించిన విషయాల్లో ఒకటి చాలా మామూలుది. యువతీ యువకుల మానసిక సమస్యలు అని మనం పెద్ద పేర్లు పెట్టినవాటిలో సగం, ఇంట్లో తలుపు వేసుకునే ఒక గది లేకపోవడం వల్ల వచ్చినవే. ఆ సమస్యకి సోఫా కంటే ముందు ఇల్లు కావాలి.

ఒంటి మీద కవచం

1930లో రైక్ బెర్లిన్ వెళ్ళాడు. వీధిలో ఈ పని చేస్తూనే, క్లినిక్ గదిలో ఇంకో విషయం గమనిస్తూ వచ్చాడు.

పేషెంట్లు గంటలకొద్దీ మాట్లాడతారు. అన్నీ గుర్తు చేసుకుంటారు. అయినా ఏమీ మారదు. ఎందుకు? అప్పుడాయన, పేషెంట్ ఏం చెప్తున్నాడు అన్నదాన్ని కాసేపు పక్కనపెట్టి, ఎలా చెప్తున్నాడు అని చూడటం మొదలుపెట్టాడు. ఒకాయన ఎంత ఘోరం చెప్పినా మర్యాదగా నవ్వుతూనే చెప్తాడు. ఇంకొకావిడ ఏడుపు వచ్చే చోట సరిగ్గా ఊపిరి ఆపేస్తుంది. వేరొకాయన మెడ కర్రలా బిగుసుకుని ఉంటుంది.

దీనికి ఆయన పెట్టిన పేరు కవచం. పిల్లాడిని ఊహించుకోండి. ఏడిస్తే దెబ్బలు పడతాయి. కాబట్టి ఏడుపు ఆపుకోవాలి. ఏడుపు ఎలా ఆపుకుంటారు? ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాగి, పెదాలు బిగించి. ఒకసారి చేస్తే అది తంటా. వెయ్యిసార్లు చేస్తే అలవాటు. పెద్దయ్యేసరికి ఒళ్ళే అలా తయారవుతుంది. ఒకప్పుడు కాపాడిన కవచమే ఇప్పుడు ఊపిరాడనివ్వదు. తర్వాతి రోజుల్లో ఆయన ఒంటిని ఏడు వలయాలుగా చెప్పాడు: కళ్ళు, నోరు, మెడ, ఛాతీ, డయాఫ్రం, పొట్ట, నడుము కింది భాగం.

అప్పట్నుంచి ఆయన పేషెంట్ ఎదురుగా కూర్చున్నాడు. ఊపిరి గురించి అడిగాడు. బిగుసుకున్న కండరాలని చేత్తో నొక్కి చూశాడు. సైకో అనాలిసిస్‌లో డాక్టరు పేషెంట్‌ని ముట్టుకోకూడదన్నది పెద్ద నియమం. ఆ గీత దాటాడు. దాటడంలో లాభం ఉంది, ప్రమాదమూ ఉంది. ఆ మాట చివర్లో మాట్లాడుకుందాం.

ఇదంతా ఆయన ఒక్కడి బుర్రలో పుట్టింది కాదు. బెర్లిన్‌లో ఎల్సా గిండ్లర్ అనే టీచర్ ఉండేది. డాక్టర్ కాదు, వ్యాయామం నేర్పే ఆవిడ. తనకి క్షయ వస్తే ఊపిరిని శ్రద్ధగా గమనించుకుంటూ కోలుకున్నానని చెప్పేది. డ్రిల్ లాంటి వ్యాయామం వదిలేసి, నిలబడటం, కూర్చోవడం, ఊపిరి పీల్చడం, వీటిని గమనించడమే పాఠంగా మార్చింది. నాజీల కాలంలో యూదులకి సాయం చేసింది. రైక్‌తో కొన్నేళ్ళు కలిసి జీవించిన డాన్సర్ ఎల్సా లిండెన్‌బర్గ్ కూడా గిండ్లర్ దగ్గర నేర్చుకున్నావిడే. చరిత్ర పుస్తకాల్లో రైక్ పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఒంటిని వినడం ఎలాగో నేర్పిన ఈ ఆడవాళ్ళ పేర్లు ఎక్కడో ఒక మూల కనిపిస్తాయి.

ఇటూ కాదు, అటూ కాదు

1933 జనవరి 30న హిట్లర్ గద్దెనెక్కాడు. రైక్ యూదు కుటుంబంలో పుట్టాడు, కమ్యూనిస్టు, సెక్స్ గురించి బహిరంగంగా మాట్లాడతాడు. నాజీలకి ఇంతకన్నా ఏం కావాలి? బెర్లిన్ వదిలి పారిపోయాడు. అదే ఏడాది రెండు పుస్తకాలు బయటికొచ్చాయి. ఒకటి కవచం గురించి, దాని పేరు క్యారెక్టర్ అనాలిసిస్. రెండోది ది మాస్ సైకాలజీ ఆఫ్ ఫాసిజం.

రెండో పుస్తకంలో ఆయన ప్రశ్నని మన మాటల్లో చెప్పుకుందాం. ఆకలితో ఉన్నవాడు దొంగతనం చేస్తే ఎందుకు చేశాడా అని ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆకలితో ఉన్నవాళ్ళలో ఎక్కువమంది ఎందుకు ఊరుకుంటున్నారు? తమని తొక్కేసేవాడికే ఎందుకు జై కొడుతున్నారు? ఇదీ అసలు ప్రశ్న. ఆయన జవాబు: చిన్నప్పుడు ఇంట్లో, నాన్న ముందు నోరు మూసుకోవడం నేర్చుకున్న ఒళ్ళు, పెద్దయ్యాక నాయకుడి ముందు నోరు మూసుకుంటుంది.

ఈ జవాబులో లోపాలున్నాయి. అన్నిటికీ మూలం సెక్స్ మీద అణిచివేతే అన్నంత దూరం వెళ్ళాడు. డబ్బు, యుద్ధంలో ఓటమి, జాతి ద్వేషం, వీటి లెక్కలు అంత తేలిగ్గా అందులో ఇమడవు. పైగా స్వలింగ సంపర్కాన్ని ఆయన జబ్బుగానే చూశాడు. స్వేచ్ఛ గురించి అంత మాట్లాడిన మనిషికి అక్కడ కళ్ళు మూసుకుపోయాయి. అది తప్పే. కానీ ఆయన అడిగిన ప్రశ్న మాత్రం నిలబడింది.

మరి తనవాళ్ళే ఏం చేశారు? కమ్యూనిస్టు పార్టీ 1933లో ఆయన్ని బయటికి పంపింది. విప్లవం గురించి మాట్లాడమంటే మనసు, సెక్స్ అంటాడేంటి అని. 1934 ఆగస్టులో, స్విట్జర్లాండ్‌లోని లూసర్న్‌లో జరిగిన సభలో, అంతర్జాతీయ సైకో అనాలిసిస్ సంఘం కూడా వెళ్ళగొట్టింది. మనసు గురించి మాట్లాడమంటే రాజకీయం అంటాడేంటి అని. ఆయన పేరు జాబితాలో ఉంటే నాజీల కోపం మన మీద పడుతుందన్న భయం కూడా ఉంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. రైక్‌ని బయటికి పంపితే మిగిలినవాళ్ళు బతికి బట్టకట్టారా? లేదు. 1935 చివరికి జర్మన్ సంఘంలోని యూదు సభ్యులందరూ రాజీనామా చెయ్యాల్సి వచ్చింది. 1938లో ఫ్రాయిడ్ అంతటివాడు వియన్నా వదిలి లండన్ పారిపోవాల్సి వచ్చింది. మేం రాజకీయాల జోలికి రాం అని చెప్పినంత మాత్రాన రాజకీయం వాళ్ళ జోలికి రాకుండా ఆగలేదు.

పెట్టె

రైక్ డెన్మార్క్, స్వీడన్ మీదుగా నార్వే చేరాడు. 1939 ఆగస్టులో, రెండో ప్రపంచ యుద్ధానికి కొద్దిరోజుల ముందు, ఓడెక్కి అమెరికా వెళ్ళాడు. ఈ మధ్యలో ఆయనలో ఏదో మారింది. ఒకప్పుడు చుట్టూ వాదించే మనుషులు ఉండేవాళ్ళు, నువ్వు తప్పు అని మొహం మీద చెప్పేవాళ్ళు. ఇప్పుడు చుట్టూ ఎక్కువగా శిష్యులే.

ఒంట్లో శక్తి అనేది మొదట ఆయనకి ఒక పోలిక. తర్వాత అది నిజంగా కొలవగలిగే పదార్థం అనుకున్నాడు. దానికి ఆర్గోన్ అని పేరు పెట్టాడు. ఆకాశం నిండా అదే ఉందన్నాడు. చెక్కా రేకూ పొరలు పొరలుగా పేర్చి, మనిషి లోపల కూర్చునేంత పెట్టె తయారుచేశాడు. అందులో కూర్చుంటే ఆర్గోన్ ఒంట్లోకి చేరుతుందన్నాడు. క్యాన్సర్ పేషెంట్లని కూడా కూర్చోబెట్టాడు.

1941 జనవరిలో ఐన్‌స్టీన్‌ని కలిశాడు. గంటల తరబడి మాట్లాడుకున్నారు. పెట్టె దగ్గర ఉష్ణోగ్రత కొంచెం ఎక్కువగా ఉంటోంది, అదే రుజువు అన్నాడు రైక్. ఐన్‌స్టీన్ తీసిపారెయ్యలేదు, ఇంట్లో పెట్టుకుని పరీక్షించాడు. తేడా ఉన్నమాట నిజమే, కానీ అది గదిలో గాలి కదలిక వల్ల వచ్చేది అని తేల్చి ఉత్తరం రాశాడు. మంచి శాస్త్రవేత్త అయితే అక్కడ ఆగి ఆలోచించాలి. రైక్ ఆగలేదు. ఆర్గోన్ ఉందని ఇప్పటిదాకా ఏ రుజువూ లేదు. ఆ పెట్టె ఏ జబ్బునీ తగ్గించదు.

1947లో పత్రికల్లో ఆయన మీద వ్యాసాలొచ్చాయి. అమెరికాలో మందుల్ని పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ విచారణ మొదలుపెట్టింది. 1954లో కోర్టు ఆ పెట్టెల్ని ఇతర రాష్ట్రాలకి పంపకూడదని ఆర్డరిచ్చింది. ఇక్కడి దాకా న్యాయమే. జబ్బు తగ్గదని తెలిసిన పెట్టెని వైద్యం పేరుతో ఇస్తే ఆపాల్సిందే. కానీ ఆ ఆర్డర్ పెట్టెలతో ఆగలేదు, పుస్తకాల మీదికీ వచ్చింది. ఆర్గోన్ అనే ఊహకి ముందు జర్మన్‌లో రాసిన పుస్తకాల పేర్లు కూడా అందులో ఉన్నాయి.

సైన్స్ విషయం కోర్టు తేల్చలేదు అని రైక్ కోర్టుకే వెళ్ళలేదు. ఆయన సహచరుడొకడు ఆర్డర్‌ని ధిక్కరించి సరుకు న్యూయార్క్ తరలించాడు. 1956 మేలో కోర్టు ధిక్కారం కింద రైక్‌కి రెండేళ్ళ జైలు పడింది. 1956 ఆగస్టు 23న న్యూయార్క్‌లో చెత్త కాల్చే కొలిమి దగ్గరికి ఆయన పుస్తకాలు, పత్రికలు లారీలో వెళ్ళాయి. ఆరు టన్నులు. ఫాసిజం మీద పుస్తకం రాసి హిట్లర్ నుంచి తప్పించుకొచ్చిన మనిషి పుస్తకాలు, హిట్లర్‌ని ఓడించిన దేశంలో, కోర్టు ఆర్డర్‌తో బూడిదయ్యాయి.

1957 మార్చిలో జైలుకి వెళ్ళాడు. అదే ఏడాది నవంబర్ 3న జైల్లోనే గుండె ఆగి చనిపోయాడు. వయసు 60. అప్పటికి ఆయన ఎవర్నీ నమ్మని స్థితిలో, ఆకాశంలో గ్రహాంతరవాసుల ఓడల గురించి రాస్తున్నాడు. బాధగా ఉంటుంది చదివితే.

ఒళ్ళు ఒకవైపు, వీధి ఇంకోవైపు

కథ ఇక్కడితో అయిపోలేదు. ఆయన ఆలోచన రెండు ముక్కలై రెండు దారుల్లో వెళ్ళింది.

అమెరికాలో ఒంటి ముక్క బతికింది. ఆయన శిష్యుడు అలెగ్జాండర్ లోవెన్ 1956లోనే, జాన్ పియెరాకోస్‌తో కలిసి, బయోఎనర్జెటిక్స్ పేరుతో సంస్థ పెట్టాడు. బెర్లిన్‌లో రైక్ దగ్గర పేషెంట్‌గా ఉన్న ఫ్రిట్జ్ పెర్ల్స్ గెస్టాల్ట్ థెరపీకి మూలపురుషుల్లో ఒకడయ్యాడు. ఇవాళ ఊపిరి, శరీర స్పృహ, ట్రామా ఒంట్లో ఉంటుంది అని మీరు రీల్స్‌లో వినే మాటల వెనక ఈ వంశావళి ఉంది. కానీ ఈ దారిలో వీధి క్రమంగా మాయమైంది. ఆ పాత వ్యాన్, కార్మికవాడ, ఇంటి అద్దె, పోలీసు తుపాకీ, ఏవీ లేవు. మిగిలింది వీకెండ్ వర్క్‌షాప్.

రెండో ముక్క వేరే ఖండాల్లో బతికింది. 1953లో ఫ్రాంజ్ ఫనాన్ అనే నల్లజాతి సైకియాట్రిస్టు ఫ్రెంచి పాలనలో ఉన్న అల్జీరియాలో బ్లిడా ఆసుపత్రికి వచ్చాడు. ఆయన రైక్ శిష్యుడు కాదు. కానీ ఆయన కూడా బిగుసుకుపోయిన కండరాలనే చూశాడు. అల్జీరియన్లలో కొందరికి ఒళ్ళంతా కొయ్యబారినట్టు ఉండేది. వలస పాలకుల డాక్టర్లు అది ఆ జాతి లక్షణం అన్నారు. ఫనాన్ కాదన్నాడు. పరాయి పాలన కింద నిత్యం జాగ్రత్తగా, ఎదురు తిరగలేక, తల వంచలేక బతికే మనిషి ఒళ్ళు అలాగే ఉంటుంది అన్నాడు. 1956లో ఉద్యోగానికి రాజీనామా చేశాడు. ఈ దేశమే జబ్బు తెప్పిస్తుంటే నేను ఆసుపత్రిలో ఏం బాగుచెయ్యను అన్నది ఆయన బాధ. రైక్ పుస్తకాలు కాలిన ఏడాదీ అదే.

వియన్నాలో పుట్టి సైకో అనాలిసిస్ నేర్చుకున్న మేరీ లాంగర్ అర్జెంటీనా చేరి, అక్కడి సంఘం స్థాపకుల్లో ఒకరైంది. ఆ సంఘం సమాజాన్ని పట్టించుకోవడం లేదని 1971లో బయటికొచ్చేసింది. 1980లలో నికరాగ్వాలో ప్రజల కోసం మానసిక వైద్య బృందాన్ని నడిపింది. బ్రెజిల్‌లో, సైనిక నియంతృత్వ కాలంలో, రోబెర్టో ఫ్రేరే అనే డాక్టరు రైక్ ఆలోచనకి కపోయెరా కలిపి సోమా అనే గుంపు థెరపీ తయారుచేశాడు. కపోయెరా అంటే ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల సంప్రదాయంలో పుట్టిన ఆట, అందులో పోరాటమూ నాట్యమూ కలిసే ఉంటాయి. ఎల్ సాల్వడార్‌లో ఇగ్నాసియో మార్టిన్-బారో అనే ఫాదర్, సైకాలజీ ప్రొఫెసర్, యుద్ధం చేసిన గాయాన్ని ఒక్కో మనిషి బుర్రలో వెతికితే దొరకదు, మనుషుల మధ్య సంబంధాల్లో వెతకాలి అన్నాడు. 1989 నవంబర్ 16న సైనికులు ఆయన్నీ, మరో ఐదుగురు ఫాదర్లనీ, వాళ్ళింట్లో పనిచేసే ఆవిడనీ, ఆవిడ కూతుర్నీ యూనివర్సిటీలోనే కాల్చి చంపారు. సైకాలజీ చెప్తే చంపుతారా అంటే, ఎవరి పక్షాన నిలబడి చెప్తున్నావ్ అన్నదాన్ని బట్టి.

మరి మనం ఏం తీసుకోవాలి?

నాకు అర్థమైంది చెప్తాను. ఒంటిని మాత్రమే పట్టుకుంటే థెరపీ మసాజ్ సెంటర్ అయిపోతుంది. వీధిని మాత్రమే పట్టుకుంటే ఎదురుగా ఏడుస్తున్న మనిషి కనపడడు. రెండూ కలిపి చూడాలి. రైక్ 1920లలో చూసింది సరిగ్గా అదే. ఆయన పాడైంది ఎక్కడంటే, తన జవాబుని ఎవరైనా పరీక్షిస్తే ఒప్పుకోవడం మానేసిన చోట.

దగ్గరి ఉదాహరణ తీసుకుందాం. ఇంటర్ హాస్టల్లో పిల్లలకి తెల్లవారుజామునుంచి రాత్రి దాకా స్టడీ అవర్స్. నిద్ర చాలదు, ఆట లేదు, ప్రతి వారం ర్యాంకుల లిస్టు గోడ మీద. పిల్లలకి ఛాతీ బరువు, కడుపునొప్పి. అప్పుడు మోటివేషన్ స్పీకర్‌ని పిలిచి పది నిమిషాలు ఊపిరి వ్యాయామం చేయిస్తారు. ఊపిరి వ్యాయామం చెడ్డదా? కాదు, కాసేపు నిజంగానే హాయిగా ఉంటుంది. కానీ టైమ్ టేబుల్ మార్చకుండా ఊపిరి మాత్రమే మార్చమంటే, తప్పు పిల్లాడిదే అని చెప్పినట్టు. రైక్ అయితే మొదట గోడ మీది లిస్టు చూపించేవాడు.

అలాగే మూడు జాగ్రత్తలు. ఒకటి, ఫలానా శక్తి, ఫలానా పెట్టె, ఫలానా కోర్సుతో ట్రామా మొత్తం పోతుంది, క్యాన్సర్ కూడా తగ్గుతుంది అని ఎవరైనా అంటే రైక్ పెట్టె గుర్తు చేసుకోండి. రెండు, థెరపీ పేరుతో ఎవరైనా ముట్టుకోవాల్సి వస్తే, ఎందుకో ముందే చెప్పాలి, మీరు ఒప్పుకోవాలి, వద్దంటే అక్కడే ఆగాలి. ఆగకపోతే లేచి బయటికి రండి. అది థెరపీ కాదు. మూడు, ఛాతీ నొప్పి, ఊపిరాడకపోవడం లాంటివి వస్తే ముందు మామూలు డాక్టర్ని కలవండి. ప్రతిదీ మనసే అనుకోవడం కూడా పొరపాటే.

మనసు మరీ బరువుగా ఉంటే ఒంటరిగా మోయకండి. ప్రభుత్వ టెలి మానస్ నంబర్ 14416. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. వియన్నాలో గుండె పరీక్ష బల్ల మీద పేదవాళ్ళకి ఫీజు లేకుండా దొరికింది కూడా అదే: వినేవాళ్ళు.

ఇంతసేపూ విన్నారు కదా, వెళ్ళే ముందు ఇంకోసారి దవడ చూసుకోండి. మళ్ళీ బిగుసుకుని ఉంటే వదులు చెయ్యండి. ఆ తర్వాత, అది ఎందుకు బిగుసుకుంటోందో కూడా ఒకసారి అడగండి. జవాబు మీలోనే ఉండాలని లేదు. మీ ఇంట్లో, మీ ఆఫీసులో, మీ కాలేజీ గోడ మీద కూడా ఉండొచ్చు.